వారానికో పుస్తకం

"పుస్తకాలు చదువుతున్నావా, లారీలోంచి బస్తాలు దింపుతున్నావా?" అన్నారు మామయ్య.

"బస్తాలే అనుకోండి. దింపకపోతే లారీలోనే ఉండిపోతాయిగా!" అంది మేనకోడలు.

విజయవాడ పుస్తకాల పండగలో రెండు సంచులు నింపుకుని సంక్రాంతికి తెనాలి వచ్చిన అమ్మాయికీ, జిల్లా గ్రంథాలయ సంస్థలో గ్రంథపాలకుడిగా పనిచేసి రిటైరైన ఆమె మేనమామకూ మధ్య మొదలైన వాదన ఇది. ఆమె హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఈ ఏడాది వారానికొకటి చొప్పున 52 పుస్తకాలు చదవాలని పెట్టుకుంది. అందుకోసం ఫోనులో ఒక పట్టిక తయారుచేసుకుంది. పుస్తకం పేరు, పేజీలు, మొదలుపెట్టిన తేదీ, పూర్తిచేసిన తేదీ, నేర్చుకున్న మూడు సంగతులు. ఆ పట్టిక చూశాకే ఆయనకు బస్తాలు గుర్తొచ్చాయి.

"చదువు లెక్కకు లొంగదమ్మాయ్," అన్నారాయన. "గాంధీగారు 1904లో జొహానెస్‌బర్గ్ నుంచి డర్బన్‌కి రైల్లో వెళ్తున్నారు. పోలక్ అనే స్నేహితుడు స్టేషనుకొచ్చి, దారిలో చదువుకోమని ఒక పుస్తకం చేతిలో పెట్టాడు. రస్కిన్ రాసిన 'అన్‌టు దిస్ లాస్ట్'. 24 గంటల ప్రయాణం. పుస్తకం కింద పెట్టలేకపోయారు. ఆ రాత్రి ఆయనకి నిద్ర పట్టలేదు. ఆ ఏడాదే డర్బన్ దగ్గర ఫీనిక్స్ ఆశ్రమం పెట్టారు. తర్వాత నాలుగేళ్లకి ఆ పుస్తకాన్ని గుజరాతీలోకి తెచ్చి 'సర్వోదయ' అని పేరు పెట్టారు. ఒక్క పుస్తకం! నీ పట్టికలో ఐతే దానికి ఒకే ఒక్క వరస."

"సరే, ఆ కథనే నేను ఇంకో వైపు నుంచి చెబుతాను. చదివింది నచ్చగానే దాని ప్రకారం బతుకు మార్చుకోవాలనుకున్నారు ఆయన. వ్యక్తిత్వ వికాసం అంటే అదే కదా మామయ్యా? చదివేసి, ఆహా అనుకుని, బీరువాలో పెట్టేయలేదు. పాఠ్యపుస్తకాలు తప్ప తాను పెద్దగా ఏమీ చదవలేదనీ, పనుల్లో పడ్డాక తీరికే దొరకలేదనీ ఆత్మకథలో ఆయనే రాసుకున్నారు. తక్కువ చదివి, చదివినదాన్ని పూర్తిగా వాడుకున్న మనిషి. మీ వాదనకి ఆయన సాక్ష్యం చెప్పరు."

మామయ్య ఒప్పుకోలేదు. ఆచరణను తాను కాదనడం లేదనీ, ఏ పుస్తకం మనిషిని పట్టుకుంటుందో ముందే తెలియదు గనక వారం గడువు పెట్టుకుని చదివేవాడికి అసలు ఏ పుస్తకమూ పట్టుకునే అవకాశం ఉండదనీ ఆయన అన్నారు. శనివారం రాత్రికి ముగించాలన్న ఆత్రంలో ఉన్నవాడు నచ్చిన పేజీ దగ్గర ఆగడు. కష్టమైన పుస్తకం జోలికి పోడు. నాలుగొందల పేజీల నవల కన్నా నూటయాభై పేజీల సలహాల పుస్తకం మీదకే చెయ్యి పోతుంది. ఈ మాటలో నిజం ఉంది. లెక్క పెట్టుకున్నవాళ్లు పుస్తకాల షాపులో ముందు వీపు మందం చూసుకోవడం ఎవరైనా గమనించవచ్చు.

ఐతే మేనకోడలి దగ్గర ఇంతకన్నా గట్టి జవాబు ఉంది. అది పుస్తకాల గురించి కాదు, వేళ గురించి.

"మీది పది నుంచి ఐదు ఉద్యోగం. పైగా పుస్తకాల మధ్యే కూర్చునే ఉద్యోగం. నాకు సాయంత్రం ఏడు తర్వాత అమెరికా వాళ్లతో కాల్స్ మొదలవుతాయి. నాగోలు నుంచి రాయదుర్గం దాకా మెట్రోలో గడిచే టైమొక్కటే నాది. అప్పుడేం చేయాలో ముందే రాసిపెట్టుకోకపోతే అది రీల్స్‌కి పోతుంది. పోయిందని కూడా నాకు తెలియదు. మీ రంగనాథన్ గారి అయిదు సూత్రాల్లో నాలుగోది ఏమిటి?"

ఆయన నవ్వారు. ఈ దేశంలో గ్రంథాలయం మెట్లెక్కిన ప్రతి ఉద్యోగికీ అది కంఠోపాఠమే. లెక్కలు చెప్పే మాస్టారుగా ఉండి 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి వచ్చిన ఎస్.ఆర్. రంగనాథన్, 1931లో అచ్చయిన పుస్తకంలో చెప్పిన నాలుగో సూత్రం, పాఠకుడి కాలాన్ని ఆదా చేయాలన్నది.

"అది గ్రంథాలయానికి చెప్పిన మాటమ్మా. వెతుక్కునే టైము తగ్గించమన్నారు. చదివే టైము తగ్గించమనలేదు."

"నేను తగ్గించానా? అసలు చదవడానికి చోటు చేసుకుంటున్నాను. ఇంకొకటి అడుగుతాను, చెప్పండి. ఈ ఇంట్లో అత్తయ్య ఎప్పుడు చదివేది?"

వంటింట్లో అరిసెల పాకం చూస్తున్న అత్తయ్య తల తిప్పలేదు గానీ వింటూనే ఉంది. ఆమె వారపత్రికల్లో సీరియల్ పేజీలు జాగ్రత్తగా చింపి, కథ ముగిశాక కుట్టించి, అట్ట వేయించి దాచుకునేది. ఆంధ్రదేశంలో ఒక తరం ఇళ్లలో ఇలాంటి బైండు పుస్తకాలు పెట్టెల కొద్దీ ఉండేవి. ప్రచురణకర్త అచ్చు వేయకముందే నవలలను పుస్తకాలుగా చేసుకున్న ఆ ఆడవాళ్ల పేర్లు ఏ గ్రంథాలయ చరిత్రలోనూ కనిపించవు. కనిపించాలి.

"మధ్యాహ్నం రెండు నుంచి మూడు," అన్నారు మామయ్య. "ఆ గంటలో ఎవరూ పిలవకూడదు."

"రెండు నుంచి మూడు కాదు, పాలవాడొచ్చేదాకా," అంది అత్తయ్య.

"చూశారా! రోజూ ఒకే వేళ, ఒకే చోటు, మధ్యలో ఎవరూ రాకూడదు. అదీ పట్టికే. కాగితం మీద రాయలేదంతే. తీరిక దానంతటది వస్తుందని మగవాళ్లే అనుకుంటారు మామయ్యా."

దీనికి ఆయన దగ్గర సమాధానం లేదు. మాట మార్చి, ఆమె ఫోనులోని ఇంకో యాప్ మీద పడ్డారు. పెద్ద పుస్తకాన్ని పదిహేను నిమిషాల సారాంశంగా చదివి వినిపించే యాప్ అది. మనిషి రాయడానికి పదేళ్లు పట్టిన పుస్తకాన్ని పిండి రసం తీసి ఇస్తే అది చదివినట్టు ఎలా అవుతుందని ఆయన ప్రశ్న.

"మాలతీ చందూర్ గారు 'స్వాతి' మాసపత్రికలో చేసింది ఏమిటి?" అంది మేనకోడలు. "'పాత కెరటాలు' శీర్షికలో ఒక్కో నెల ఒక్కో ఇంగ్లీషు నవల కథ చెప్పేవారు. డికెన్స్, హార్డీ పేర్లు మా అమ్మకి తెలిసింది అక్కడే. కాలేజీ మెట్లెక్కని ఆడవాళ్లకి ప్రపంచ నవలను తెచ్చి ఇంట్లో పెట్టారావిడ. దాన్నెవరూ పిండి రసం తీయడం అనలేదు."

"అనలేదు. ఎందుకంటే ఆవిడ నవల పూర్తిగా చదివి, తనకి ఏది ముఖ్యమనిపించిందో తన మాటల్లో చెప్పారు. ఆ కథ వెనక ఒక మనిషి ఉంది. నచ్చకపోతే ఆవిడకి ఉత్తరం రాయొచ్చు. 'ఆంధ్రప్రభ'లో 'ప్రమదావనం' శీర్షికని ఆవిడ 1952 నుంచి దశాబ్దాల పాటు నడిపింది జనం రాసిన ఉత్తరాల మీదే. నీ యాప్‌కి ఎవరు ఉత్తరం రాస్తారు?"

వాదన ఇక్కడ మలుపు తిరిగింది. ఆ మలుపు ఇద్దరూ వెంటనే గమనించలేదు. అప్పటిదాకా ఆయన లెక్కను తిట్టారు, ఆమె లెక్కను సమర్థించింది. ఇప్పుడు మొదటిసారి, చదివిన దాన్ని అందుకునే అవతలి మనిషి ప్రస్తావన వచ్చింది.

కానీ ముందు అలవాట్ల గొడవ తేలాలి. ఏ పనినైనా 21 రోజులు చేస్తే అలవాటైపోతుందన్న మాటను కోచింగ్ సెంటర్ గోడ మీద చూసి, అదంతా అమెరికా పుస్తకాల బాపతు మోసమని మామయ్య చాలాకాలంగా అనుకుంటున్నారు. ఆ విషయంలో మేనకోడలు ఆయన పక్షమే. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన పుస్తకంలోంచి ఆ సంఖ్య పాకిందని ఆమె చెప్పింది. ముఖానికి శస్త్రచికిత్స జరిగినవాళ్లు అద్దంలో కొత్త ముఖానికి అలవాటుపడటానికి కనీసం 21 రోజులు పడుతోందని ఆయన గమనించాడు. తర్వాతివాళ్లు 'కనీసం' అనే మాట వదిలేసి, ముఖాన్ని కూడా వదిలేసి, అంకెను మాత్రం ఉంచుకున్నారు. అసలు అలవాట్లనే కొలిచినవాళ్లు లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు. 2010లో ఫిలిపా లాలీ, ఆమె సహచరులు 96 మందిని పరిశీలించారు. భోజనంతో పాటు ఒక పండు తినడం, రోజూ కాసేపు పరుగెత్తడం లాంటి చిన్న పనులు. ఆలోచించకుండానే చేసే స్థితికి రావడానికి ఒకరికి 18 రోజులు సరిపోతే, ఇంకొకరికి 254 రోజులు పడుతుందని లెక్క తేలింది. మధ్యస్థం 66. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద తేడా రాలేదు.

"ఒక రోజు తప్పినా ఫర్వాలేదన్నమాట," అన్నారు మామయ్య.

"లేదు."

"మరి నీ ఫోనులో తప్పిన రోజు ఎర్రగా ఎందుకు కనబడుతోంది?"

మేనకోడలు ఫోను చూసుకుంది. ఎరుపు తాను పెట్టింది కాదనీ, యాప్‌లోనే అలా వస్తుందనీ అంది. ఆ తర్వాత ఇంకో సంగతి కూడా చెప్పింది. వరసగా చదివిన రోజుల గొలుసు తెగుతుందన్న భయంతో, ఒంట్లో బాగాలేని రాత్రి కూడా రెండు పేజీలు తిప్పి టిక్కు పెట్టిందట. ఆ రెండు పేజీల్లో ఏముందో ఆమెకి గుర్తులేదు.

అలాగని ఆమె ఓడిపోలేదు. తప్పుల్ని గళ్లలో గుర్తుపెట్టుకోవడం ఫోన్లు కనిపెట్టింది కాదని, బెంజమిన్ ఫ్రాంక్లిన్‌ను తెచ్చింది. ఫిలడెల్ఫియాలో అచ్చుపని చేసుకునే ఆ యువకుడు తనకు కావలసిన 13 సుగుణాలు రాసుకున్నాడు. మితాహారం, మౌనం, క్రమం, పొదుపు, శ్రమ వగైరా. ఒక చిన్న పుస్తకం కుట్టుకుని, సుగుణానికో పేజీ కేటాయించి, ఎర్ర సిరాతో గీతలు గీశాడు. నిలువు గళ్లు వారంలో ఏడు రోజులకు, అడ్డ గళ్లు పదమూడు సుగుణాలకు. తప్పు చేసిన రోజున ఆ గడిలో నల్లచుక్క. వారానికో సుగుణం మీద గట్టి కాపలా. 13 వారాలకు ఒక ఆవృత్తి, ఏడాదికి నాలుగు. వస్తువుల్నీ వేళల్నీ ఒక క్రమంలో పెట్టుకోవడం మాత్రం తనవల్ల కాలేదని ముసలితనంలో నిజాయితీగా రాశాడు. అనుకున్నంత మంచివాణ్ణి కాలేకపోయినా, ప్రయత్నించకపోతే ఉండేదానికన్నా మెరుగయ్యానని కూడా రాశాడు.

"పదేళ్ల కిందటి యాప్ కాదు మామయ్యా, మూడొందల ఏళ్ల నాటిది ఇది."

మామయ్య ఈసారి కుర్చీ ముందుకు లాక్కున్నారు. ఫ్రాంక్లిన్ అంటే గ్రంథాలయాల వాళ్లకు చిన్నాచితకా మనిషి కాదు.

"పుస్తకం సంగతి చెప్పావు, శుక్రవారం సంగతి చెప్పలేదేం? 1727లో అతను పన్నెండుమందిని పోగుచేశాడు. అద్దాల పనివాడు, చెప్పులు కుట్టేవాడు, భూములు కొలిచేవాడు, గుమాస్తా. 'జుంటో' అని పేరు. ప్రతి శుక్రవారం సాయంత్రం కూర్చునేవాళ్లు. ఈ వారం ఏం చదివావు, ఇంకొకరికి పనికొచ్చేది ఏదైనా కనబడిందా, ఇవే ప్రశ్నలు. వాళ్ల దగ్గర ఉన్న కాసిని పుస్తకాలు చాలక, 1731లో చందాలు వేసుకుని పెట్టిందే ఫిలడెల్ఫియా లైబ్రరీ కంపెనీ. ఎర్రగీతల పుస్తకం జేబులో ఉన్నమాట నిజమే. కానీ శుక్రవారం అడిగేవాళ్లున్నారు. నిన్నెవరు అడుగుతున్నారు?"

ఆమె జవాబు చెప్పేలోగా ఆయనే అందుకున్నారు. స్వయంకృషి పుస్తకాలన్నిటికీ పెద్దన్న లాంటి 'సెల్ఫ్ హెల్ప్'ను శామ్యూల్ స్మైల్స్ 1859లో అచ్చు వేశాడు. అది ఒంటరి గదిలో పుట్టలేదు. ఇంగ్లండులోని లీడ్స్ ఊళ్లో కొందరు కుర్రకూలీలు చలికాలం సాయంత్రాలు ఒకచోట చేరి, తెలిసినవాడు తెలియనివాడికి రాతా, లెక్కలూ నేర్పడం మొదలుపెట్టారు. మంది పెరిగి చోటు చాలక ఒక గది అద్దెకు తీసుకున్నారు. అంతకుముందు కలరా రోగుల్ని పెట్టిన గది కావడంతో దాన్ని ఇంకెవరూ అడగలేదు. అక్కడికొచ్చి నాలుగు మాటలు చెప్పమని వాళ్లు 1845లో స్మైల్స్‌ను పిలిచారు. ఆ ప్రసంగాలే పెరిగి పుస్తకమైంది. డేల్ కార్నెగీ కథా అంతే. 1912లో న్యూయార్క్ వై.ఎం.సి.ఎ.లో ఉద్యోగస్తులకు రాత్రిపూట మాట్లాడటం నేర్పించాడు. 1936 నాటి అతని ప్రసిద్ధ పుస్తకంలో ఆ తరగతుల అనుభవమే ఉంది.

"అమెరికా దాకా ఎందుకు? మన వేటపాలెం చూడు. 1918లో సారస్వత నికేతనం పెట్టింది పెద్ద జమీందారులేం కాదు, ఊళ్లో కుర్రాళ్లు. 1929లో దాని భవనానికి గాంధీగారొచ్చి శంకుస్థాపన చేశారు. 1935లో పెదవడ్లపూడి నుంచి పడవలో పుస్తకాలు పెట్టి కాలవ గట్టు ఊళ్లకి తిప్పారు. పడవ ఆగగానే చదువొచ్చిన ఒకడు పైకి చదివేవాడు, రానివాళ్లు చుట్టూ కూర్చునేవాళ్లు. తెలంగాణలో వట్టికోట ఆళ్వారుస్వామి సంగతి నీకు తెలుసా? ఒక పంతులుగారింట్లో వంట చేస్తూ చదువు నేర్చుకున్నాడు. విజయవాడ హోటల్లో సర్వరుగా చేశాడు. 1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు తనే మోసుకుని ఊరూరా తిరిగి అమ్మాడు. తర్వాత 'ప్రజల మనిషి' నవల రాశాడు. తనని తాను బాగుచేసుకున్నవాడు అంటే అతను. ఎన్ని పుస్తకాలు చదివాడో అతనికే తెలిసుండదు. ఎంతమంది చేత చదివించాడో మాత్రం తెలుసు."

ఈ సంవాదంలో అసలు సారం ఇక్కడే ఉంది. తనను తాను మెరుగుపరచుకోవాలన్న కోరికలో తప్పేమీ లేదు. పెద్దవాళ్లు దాన్ని వెక్కిరించడం అన్యాయం. బతుకు ముందుకు నడవాలని పుస్తకం పట్టిన వాళ్లతోనే తెలుగునాట గ్రంథాలయాలు నిండాయి. యండమూరి 'విజయానికి ఐదు మెట్లు' చదివి పుస్తకాల అలవాటులోకి వచ్చిన పాఠకులు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే, ఒకప్పుడు నలుగురిలో జరిగిన ఆ పని ఇప్పుడు ఒక్కరే, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చేసుకోవలసి వస్తోంది. ఏం చదివావని అడిగే స్నేహితుడు లేనిచోట, ఆ ప్రశ్న అడిగే పని అంకెకు అప్పజెప్పారు. అంకె ఎంతసేపూ 'ఎన్ని' అనే అడుగుతుంది.

మేనకోడలు ఈ వాదనను కొట్టిపారేయలేదు. పైగా దానికి బలం చేకూర్చే సంగతి ఆమే చెప్పింది. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చి, కొందరిని నాలుగుసార్లు చదవమన్నారు. కొందరిని ఒకసారి చదివి, మిగతా మూడుసార్లు పుస్తకం మూసి గుర్తున్నది రాయమన్నారు. అయిదు నిమిషాల తర్వాత చూస్తే మళ్లీమళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత వాళ్లకు గుర్తున్నది 40 శాతం, రాసినవాళ్లకు 61 శాతం. ఒకరికి తిరిగి చెప్పడమూ ఇలా గుర్తుచేసుకునే పనే గనక, పడవ దగ్గర విన్న కథని ఇంటికెళ్లి చెప్పిన రైతుకి అది ఎందుకు నిలిచిపోయేదో దీన్నిబట్టి ఊహించుకోవచ్చని ఆమె అంది.

"కానీ మామయ్యా, ఆ గ్రంథాలయాలు ఇప్పుడెక్కడున్నాయి? చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్లండి. కుర్చీ దొరకదు. అందరూ గ్రూప్స్ రాసేవాళ్లే. ఎవరి గైడు వాళ్లది, ఎవరి వాటర్ బాటిల్ వాళ్లది. నోరు మెదిపితే పక్కవాడు కసురుకుంటాడు. మీరు చేసిన శాఖా గ్రంథాలయంలో చివరి పదేళ్లు ఎవరైనా పైకి చదివారా?"

"లేదు," అన్నారాయన. కొంచెం ఆగి, "పేపరు దగ్గర మాత్రం మాట్లాడుకునేవాళ్లు. నేనే 'నిశ్శబ్దం' బోర్డు చూపించేవాణ్ణి" అన్నారు.

కట్టే ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా పోతున్నా, ఆ డబ్బుతో నడిచే చోట పుస్తకం గురించి నలుగురు మాట్లాడుకోవడానికి ఒక గది లేకపోవడం ఇద్దరికీ నచ్చలేదు. పోటీ పరీక్షల పిల్లలకు కుర్చీ కావాలి, నిశ్శబ్దమూ కావాలి. అందులో వాదనేమీ లేదు. పక్కన ఇంకో గది ఉండాలి.

ఆ గది వచ్చేదాకా ఏం చేయాలన్నదాని మీద మళ్లీ తగువు. ఆఫీసులో నెలకోసారి లంచ్ టైములో అయిదారుగురం కూర్చుంటామని ఆమె అంది. మొదటి పుస్తకంగా కార్నెగీ పెడతానంది, మీటింగుల్లో నోరు తెరవలేక వెనకబడుతున్న వాళ్లు తన టీములోనే ఉన్నారని. మామయ్య 'ప్రజల మనిషి' పెట్టమన్నారు.

"నవలంటే సగంమంది రారు మామయ్యా. పనికొచ్చేదంటేనే వస్తారు."

"వచ్చిన సగంమందితోనే మొదలుపెట్టు. పట్టిక తీసేస్తావా?"

"తీయను. ఇంకో గడి కలుపుతాను, ఎవరితో మాట్లాడానో రాయడానికి."

"అదీ అంకె అయి కూర్చుంటుంది."

"కావచ్చు. కార్నెగీ తెలుగులో ఉంది, మీకు ఒక కాపీ పంపిస్తాను. చదివి, ఎందుకు పెట్టకూడదో అప్పుడు చెప్పండి. చదవకుండా చెబితే మాత్రం వినను."

ఆయన సరేనన్నారు. 'ప్రజల మనిషి' తన బీరువాలో రెండు కాపీలున్నాయనీ, ఒకటి వెళ్లేటప్పుడు సంచిలో పెట్టుకోమనీ, అది వారంలో ముగించాల్సిన అవసరం లేదనీ కూడా అన్నారు.